ఎలుక బొరియ

మరిడమ్మ తాపీ పక్కన పెట్టింది. అరచేతిని నేలకి ఆనించి, పిండి తడి చూసినట్టు రెండుసార్లు నొక్కింది.

ట్రెంచి గట్టు మీద నిలబడి డిగ్రీ విద్యార్థులకి పాఠం చెబుతున్న మహతి ఆ చేతిని చూసింది. చూసి కూడా మాట ఆపలేదు.

"కింది పొర పాతది, పై పొర కొత్తది. ఇది మొదటి సూత్రం. ఒక కుండ ఏ పొరలో దొరికిందో తెలియకపోతే అది వట్టి కుండ. ఎంత లోతులో, ఏ మట్టిలో, దేని పక్కన దొరికిందో తెలిస్తేనే సాక్ష్యం."

"మేడమ్," అంది ముందు వరసలో ఉన్న హేమ అనే అమ్మాయి. "తరవాత కాలం వాళ్లెవరైనా పైనుంచి గొయ్యి తీసి పాతారనుకోండి. అదీ కిందే దొరుకుతుంది కదా?"

"మంచి ప్రశ్న. అందుకే గొయ్యి అంచు వెతుకుతాం. గోతిలో పడిన మట్టికి రంగు మారుతుంది, బిగువు మారుతుంది. శిక్షణ ఉన్న కంటికి దొరక్కుండా పోదు."

"అమ్మా," అంది కిందనుంచి మరిడమ్మ. "ఇక్కడ మన్ను గుల్లగా ఉన్నాది. ఎవలో తవ్వి కప్పీసిన గొయ్యి."

విద్యార్థులు నవ్వారు. మాట పడిన అదను చూసి నవ్వారంతే. కానీ ఆ నవ్వు మహతికి మెడ వెనక తగిలింది. మట్టిలో కోసిన మూడు మెట్లూ దిగి వచ్చింది. మరిడమ్మ చూపించిన చోట, గోడ పక్కన, పళ్లెమంత గుండ్రంగా నేల కాస్త నల్లబారి ఉందేమో, లేదేమో. పదకొండు గంటల ఎండలో అన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెడితే తెలిసేది. పైన పాతికమంది చూస్తున్నారు. బూటు మొనతో నొక్కింది.

"ఎలుక బొరియ. చెక్కేయ్."

"ఎలక్కి దారి వంకరగా పోతాదమ్మా. ఇది గుండ్రంగా..."

"చెక్కమన్నాను."

మరిడమ్మ తాపీ తీసుకుంది. ఎంత చెక్కమంటే అంతే, ఎటు చెక్కమంటే అటే చెక్కింది. ఆ గీరుడులో ఉన్న అతి విధేయత మహతికి తిట్టులా వినిపించింది. పైకి వచ్చి నోటుపుస్తకంలో రాసుకుంది: మూడో పొర పైభాగం, ఎలుక బొరియ.

రాజాం అవతల, నాగావళి వైపు ఉన్న ఆ దిబ్బ మీద రెండే రెండు ట్రెంచీలు. ఒకటి మహతిది, ఒకటి నవీన్‌ది. ఇది పరీక్ష తవ్వకమే. అసలు తవ్వకం వచ్చే ఏడు. దానికి ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని తవ్వకాల డైరెక్టరు దత్తాత్రేయగారు మొదటి రోజే, ఇద్దరి మొహాలూ చూస్తూ చెప్పారు. గురువారం ఆయన వస్తారు. ఈ మూడు వారాల్లో మహతి ట్రెంచిలో పాతకాలపు నలుపు ఎరుపు కుండపెంకులు తప్ప ఏమీ పడలేదు. నవీన్‌కి ఒక ఇటుక వరస తగిలింది. అప్పట్నుంచి అతను ఈల వేసుకుంటూ పని చేస్తున్నాడు.

విద్యార్థులు వెళ్లిపోయాక, మూడు గంటలకి, మరిడమ్మ తాపీ కింద కుండ అంచు కనిపించింది.

"లే," అంది మహతి. "నేను చూస్తాను."

బ్రష్షూ, వెదురు పుల్లా తీసుకుని బోర్లా పడుకున్నంత పని చేసింది. చిన్న కుండ. మెడ బయటపడింది. మూతి మీద ఒక పెంకు కప్పి ఉంది. ఆ పెంకు మీద వేలెడు తుప్పు ముక్క: ఇనుము. పక్కనే, అదే లోతులో, నలుపు ఎరుపు పెంకులు. గుండె చప్పుడు ముంజేతుల్లో వినిపించింది. శిశు సమాధి, అనుకుంది. చిన్నపిల్లల అస్థికలు కుండలో పెట్టి పాతేవాళ్లు. ఇనుం పెట్టేవాళ్లు. రెండువేల ఏళ్లు, ఇంకా పైనే. వెదురు పుల్ల నెమ్మదిగా వెళుతోంది. అది చాలదనిపించి చాకు తీసుకుంది. మెడ దగ్గర గట్టిపడ్డ మట్టిని ఎత్తబోయింది.

టక్ మంది.

అంచులో బొటనవేలి గోరంత ముక్క విరిగి పక్కకి పడింది. విరిగిన చోట లోపలి ఎరుపు పచ్చిగా ఉంది.

తలెత్తింది. మరిడమ్మ చూస్తోంది. ఆమె చూపు ఒక్క క్షణమే చాకు మీద ఉంది. తరవాత కుండ మీదికి, మూతి మీది ఇనుప ముక్క మీదికి పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. కుండని దాటకుండా, అవతలి గోడ వారగా చుట్టూ తిరిగి మెట్లెక్కింది.

అప్పటికే కుండ పడిందని విని కూలీల మేస్త్రి ఎల్లాజీ, వెనకే నవీన్ పరిగెత్తుకొచ్చారు.

"కప్పీయండమ్మా దాన్ని," అంది మరిడమ్మ.

"ఎందుకు?"

"అది తవ్వీది కాదు."

"ఏముంది అందులో?"

మరిడమ్మ ఎల్లాజీని చూసింది, నవీన్‌ని చూసింది, తరవాత తన కాళ్లు చూసుకుంది. "నానేటి సెప్పగలను. కప్పీయండి."

"ఏటే అప్పా, దెయ్యం అగుపించిందేటి?" అన్నాడు ఎల్లాజీ.

"నీ మొకం అగుపించింది. నోర్ముయ్యిరా."

జల్లెడ దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. మహతి నవ్వలేదు. ఆమె మరిడమ్మ చేతుల్ని, కొంగుని, అడుగుల్ని లెక్కగా చూస్తోంది. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పని అది: మనిషి చెప్పేది సగమే రాసుకో, చేసేది మొత్తం రాసుకో. నోటికి కొంగు. కుండని దాటకపోవడం. మాట దాచడం. రాసుకుంది: చావు పట్ల భయం ఈ జనంలో ఇంకా బతికి ఉంది, కుండని చూడగానే సమాధి అని గుర్తుపట్టారు. రాస్తుంటే చేతికి హాయిగా ఉంది. పొద్దుటి నవ్వు మెడ మీంచి దిగిపోయింది.

ఎల్లాజీ గట్టు మీంచి వంగాడు. "మేడమ్, అంచు ఇరిగిందే. ఎవలి సేతిలో?"

మోకాలి మీద వస్తువు కార్డు ఉంది. పొర, లోతు, కొలతలు. చివరి గడి: తవ్వకంలో దెబ్బ తిన్నదా, ఎవరి చేతిలో.

"పనిలో," అంది మహతి.

"పనిలో అంటే..." ఎల్లాజీ ఇటు తిరిగాడు. "ఓహో. అందుకేనా అప్పా కప్పీమంటన్నావు?"

మరిడమ్మ అతని వైపు తిరగలేదు. మహతిని చూసింది. బతిమాలడం లేదు ఆ చూపులో, కోపం కూడా లేదు. తూకం కాటా ఎక్కడ ఆగుతుందో చూసే మనిషిలా చూసింది. మహతి కార్డు మీదికి వంగింది. "కూలీ చేతిలో" అని రాసింది. రెండు మాటలు. అబద్ధం ఇంత చిన్నదిగా ఉంటుందని ఆమెకి తెలియదు.

"రేపట్నించి రాకు," అన్నాడు ఎల్లాజీ, కార్డు చదవకుండానే.

మరిడమ్మ డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో మన్ను పోయేదాకా కడుక్కుంది. క్యారేజీ తీసుకుని దిబ్బ దిగిపోయింది.

నేను రావద్దనలేదు, అనుకుంది మహతి. నిజమే, ఆమె అనలేదు.

మంగళవారం పొద్దున్న దత్తాత్రేయగారు ఫోన్లో రెండుసార్లు "ఇనుమా?" అన్నారు. "కుండ తీయకండి. కదపకండి. గురువారం నా ఎదురుగా తీద్దాం. గోడ శుభ్రం చేసి ఫోటోలు పెట్టండి. చాలా సంతోషం అమ్మా మహతీ." ఆయన ఆమెని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి.

నవీన్ టీ గ్లాసుతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"శిశు సమాధట?"

"అవును."

"ఎముక కనిపించిందా?"

"లోపల ఉంటుంది."

"ఉంటుంది," అన్నాడు. "తెరవకముందే పేరు పెట్టేశావు. మీ ఇంట్లో బారసాల ముందే చేస్తారా?"

"నీ ఇటుకలు నువ్వు లెక్కపెట్టుకో."

"పెట్టుకుంటాలే. ఆ మరిడమ్మని తీసేశారంట కదా. నా ట్రెంచికి ఇప్పించమని అడిగాను. ఎల్లాజీ ఒప్పుకోలేదు, కుండలు పగలగొడుతుందట." గ్లాసులో మిగిలిన టీ దూరంగా పారబోశాడు. "మూడు వారాల్లో ఆవిడ ఒక్క పెంకు విరవడం నేను చూళ్లేదు."

అతను వెళ్లేదాకా మహతి తల ఎత్తలేదు.

కుండ దాదాపు ట్రెంచి గోడని ఆనుకునే ఉంది. ఫోటోకి పొరల రంగులు తేలాలంటే గోడని తడపాలి. స్ప్రే సీసా తీసుకుని పైనుంచి కిందికి నీళ్లు చిమ్మింది. దుక్కి మన్ను నల్లబడింది. దాని కింద బూడిద రంగు పొర, దాని కింద ఎర్ర పొర. తడి ఇంకే దాకా ఆగింది.

ఎర్ర పొరలోంచి ఒక గీత బయటికి వచ్చింది.

మొదట వేరేమో అనుకుంది. దుక్కి మన్ను అడుగు నుంచి మొదలై, బూడిద పొరని కోసుకుని, ఎర్ర పొరని కోసుకుని, కొంచెం లోపలికి వంగుతూ సరిగ్గా కుండ ఉన్న లోతుకి దిగింది. అటు పక్క ఇంకో గీత. రెండు గీతల మధ్య మట్టి నల్లగా, గుల్లగా, నీళ్లు తాగి ఉబ్బి ఉంది. గొయ్యి. సగం గొయ్యి గోడలో మిగిలిపోయింది. మిగతా సగాన్ని నిన్న పదకొండు గంటలకి తనే చెక్కించింది.

పైనుంచి తవ్వినది. దుక్కి మన్నుకి కిందే మొదలైందంటే ఎన్నాళ్లది? యాభై ఏళ్లు కాదు. ముప్ఫయి కూడా కాకపోవచ్చు.

తాపీ చేతిలోనే ఉంది. ఒక జాన లోతున గోడని వెనక్కి చెక్కితే ఆ గీత పోతుంది. గోడ నిలువు సరిచేశానంటే చాలు, ఎవరూ అడగరు. ఎవరికీ తెలియదు అనే మాట మనసులో పూర్తిగా ఏర్పడేలోపే దాని వెనక ఒక అరచెయ్యి కనిపించింది, నేలని రెండుసార్లు నొక్కుతూ. ఒకరికి తెలుసు. అదే భరించలేకపోయింది. తప్పు చేసిందన్న బాధ కన్నా, ఆ తప్పుకి ఒక సాక్షి ఉందన్న కోపం ఎక్కువగా ఉంది. ఆ తేడా తనకి తెలుస్తూనే ఉంది, తెలిసినందువల్ల ఏమీ తగ్గలేదు.

తడి గోనె ఒకటి తెచ్చి గోడ మీద వేలాడదీసింది. ఎండకి పగుళ్లు రాకుండా, అని ఎల్లాజీకి చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం, కూలీలు అన్నాలు తింటున్నప్పుడు, రోడ్డు దాటి మరిడమ్మ వాళ్లుండే కొత్తపేటకి వెళ్లింది.

మరిడమ్మ అరుగు మీద చింతపండు కొడుతోంది. రాతి మీద కాయ పెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ, పెంకు విడిపోతుంది. పీచు లాగి, కత్తిపీట మొనతో పిక్క తీసి, పండు ఒక చేటలోకి, పిక్క ఒక చేటలోకి. మహతిని చూసి కర్ర ఆపలేదు. కూర్చోమనలేదు.

"ఆ కుండ గురించి మాట్లాడాలి."

"పనిలోంచి తీసీసేరు కదమ్మా. ఇంక మాటలేటి?"

"నిన్ను తీసేయమని నేను చెప్పలేదు."

"ఎవలు సెప్పేరూ? నీ పుస్తకం సెప్పిందా?" టక్ మని ఇంకో కాయ. "కూలీ సేతిలో ఇరిగింది అని రాసీసేవంట. ఎల్లాజీ ఊరంతా సెప్పుకొచ్చేడు. నానిప్పుడు సెయ్యి పడితే కుండ పగులుద్దని మా కోడలు నవ్వుతన్నాది."

మహతి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. చేతులకి ఏదో ఒకటి కావలసి వచ్చింది. "ఆ దిబ్బ మీద ఇళ్లుండేవా?"

"ఆ పుస్తకం మూయి."

"ఏం?"

"మూయి ముందు. మూస్తే సెప్తాను, లేపోతే ఎల్లు."

మహతి మూసింది. కలం మధ్యలో వేలిలా ఉండిపోయింది. మరిడమ్మ దాన్ని చూసింది. మహతి కలం కూడా తీసి సంచిలో పడేసింది.

"పదిళ్లుండేవి," అంది మరిడమ్మ. "పెద్ద గాలివాన వచ్చి ఏరు ఎక్కినపుడు ఇటు వచ్చీసేము. తరవాత అటు దున్నీసేరు. మా ఇళ్లలో కానుపైతే, బిడ్డ తరవాత మావి పడతాది కదా, దాన్ని కొత్త ముంతలో ఎట్టి, ఉప్పేసి, పైన కొడవలి ముక్క ఎట్టి, పెరట్లో నడుం లోతు తీసి పాతుతాము. లోతు తియ్యకపోతే కుక్కలు లాగీస్తాయి. అదీ నీ సమాధి."

ఉప్పు. కొడవలి ముక్క. నడుం లోతు. ఒక్కొక్కటీ తన కార్డులో ఒక్కో గడిలోకి వెళ్లి, అక్కడ రాసి ఉన్నదాన్ని తోసి కూర్చుంటోంది.

"అది నీదా?"

"నాదో, మా తోటికోడలిదో, మా అత్తదో! మొగం రాసుంటాదేటి దాని మీద?"

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

కర్ర ఆగింది. "ఎలా సెప్పమంటావు? ఎల్లాజీ ఉన్నాడు. ఆ కళ్లజోడు బాబున్నాడు. మా మొగుళ్లకే సెప్పము ఏడ పాతేమో. మొగోళ్ల ముందు ఆ మాట అనకూడదు."

"నన్ను పక్కకి పిలవాల్సింది."

"అంతకు ముందే పిలిసేను. గొయ్యి అన్నాను. నువ్వు ఎలక బొరియ అన్నావు."

పొరుగింట్లో కుక్కర్ ఈల వేసింది. మహతికి నిలబడ్డ కాళ్లు నొప్పెట్టాయి. వెళ్లిపోదామనుకుంది, వెళ్లలేదు.

"నాను అడుగుతాను, సెప్పు," అంది మరిడమ్మ, కొత్త కాయ రాతి మీద పెడుతూ. "నువ్వు ఏడ పుట్టేవు?"

"విజయనగరంలో. ఆసుపత్రిలో."

"నీ మావి ఏడ పాతేరు?"

"ఆసుపత్రిలో అవన్నీ... తెలీదు."

"మీ అమ్మనడిగేవా?"

"లేదు."

"అమ్మ ఉన్నాదా?"

"ఉంది."

"ఉండీ అడగలేదు." చింతపిక్క చేటలో పడింది. "మీయి గుళ్లో పూజ సేసుకునే ఇళ్లంట కదా. మీలో కానుపైన మనిషిని ఎన్ని రోజులు గడప బయట ఉంచుతారు?"

"ఇప్పుడు అలా..." మహతి మొహం వేడెక్కింది. "నీకెందుకు ఇవన్నీ?"

"ఊరికే," అంది మరిడమ్మ. "మూడు వారాల్నించీ నువ్వు మమ్మల్ని అడుగుతన్నావు కదా. ఏటి తింటారు, ఎవుల్ని సేసుకుంటారు, ఎక్కడ పాతుతారు. ఎలాగుంటాదో సూద్దారని."

ఇంక ఆమె తలెత్తలేదు. మహతి వెనక్కి తిరిగి నడిచింది. వెనక కర్ర దెబ్బలు ఒకే వేగంతో వినిపిస్తూనే ఉన్నాయి.

దిబ్బ మీదికి వచ్చేసరికి ఆ ఆడమనిషి మీద ద్వేషం తప్ప మరేమీ మిగల్లేదు. తాపీ తీసుకుని ట్రెంచిలోకి దిగింది. గోనె లాగేసింది. గీత ఆరిపోయి మళ్లీ కనిపించకుండా పోయింది. చెక్కాల్సిన అవసరం కూడా లేదు. నీళ్లు చిమ్మకపోతే చాలు. ఇంత తేలిక. తన పుస్తకంలో లేనిది అరుగు మీద కూర్చున్న ఆ మనిషి దగ్గర ఉందన్న సంగతి ముల్లులా గుచ్చుతోంది. ఆమె దగ్గర మాత్రమే ఉండకూడదు. సీసా తీసుకుని గోడ తడిపింది. గీత లేచి వచ్చింది. కొలబద్ద నిలబెట్టి, తేదీ రాసిన పలక పక్కన పెట్టి, ఆరు ఫోటోలు తీసింది. అది నిజాయితీ అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

గురువారం పదింటికి దత్తాత్రేయగారి కారు వచ్చింది. ఆయన దూది, టిష్యూ కాగితం, చెక్కపెట్టె తెచ్చారు. మెట్లు దిగి కుండ ముందు గొంతుకూర్చుని, "ఆహా," అన్నారు.

"సార్, గోడ చూడండి."

తడిగా ఉంది. పొద్దున్నే తడిపింది. ఆయన చూశారు. కళ్లు పై నుంచి కిందికి గీత వెంబడే వచ్చాయి. ఆయనకి రెండో చూపు అక్కర్లేదు. లేచి మోకాళ్లు దులుపుకున్నారు. గట్టు మీద నవీన్, ఎల్లాజీ దూరంగా ఉన్నారో లేదో చూసుకుని, మెల్లగా అన్నారు:

"గోడ నిలువుగా లేదమ్మా. కాస్త వెనక్కి చెక్కించండి. శుభ్రంగా ఉంటుంది."

"నిన్ననే ఫోటోలు తీశాను సార్. తేదీ పలకతో."

ఆయన ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఇది మావి కుండ సార్. ముప్ఫయి, నలభై ఏళ్లది. ఇక్కడ పనిచేసిన మరిడమ్మ చెప్పింది. సోమవారమే గొయ్యి అని చెప్పింది. నేను ఎలుక బొరియ అని రాశాను. కార్డులో కూడా..." విరిగిన చోటు వేలితో చూపించింది. "అంచు విరిచింది నేను."

ఆయన కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అయితే ఆధునికం," అన్నారు. చెక్కపెట్టె మూత వేశారు. "తీసి చెత్తలో పారేయండి. ట్రెంచి పూడ్చేయండి. నవీన్, నీ ఇటుకలు చూద్దాం పద."

అయిదు నిమిషాల్లో ఇద్దరి గొంతులూ అవతలి ట్రెంచిలోంచి వినిపించాయి. ఈల కూడా.

మహతి కార్డు తీసింది. "కూలీ" కొట్టేసి "నా" అని రాసి సంతకం పెట్టింది. పుస్తకంలో సోమవారం పేజీ తెరిచి "ఎలుక బొరియ" కింద రాసింది: తప్పు. గొయ్యి. గుర్తించింది మరిడమ్మ. పూడ్చడానికి మనుషులు కావాలి, మరిడమ్మని కూడా పిలుచుకురా, అని ఎల్లాజీకి చెప్పింది.

"కుండ పగలగొట్టీదాన్నా?"

"నేనే పగలగొట్టాను. వెళ్లి అది కూడా ఊరంతా చెప్పు."

మరిడమ్మ మధ్యాహ్నం వచ్చింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. తల మీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని, తట్ట తీసుకుని గట్టు మీద నిలబడింది. మట్టి గుట్ట దగ్గర మగవాళ్లు పారలు పట్టుకుని ఉన్నారు.

"ఒరే ఎల్లాజీ, మొగోళ్లని తీసుకుని ఆ జల్లెడలు సద్దు పో. పిలిసేదాకా రాకు."

"ఏటప్పా మళ్లీ..."

"ఎల్లమన్నానా."

వాళ్లు వెళ్లారు. మరిడమ్మ కిందికి చూపించింది. "ముక్క ఉన్నాదా?"

మహతి జేబులోంచి అట్టపెట్టె తీసింది. గోరంత ముక్క, దూదిలో, వస్తువు సంఖ్యతో సహా.

"నువ్వే ఎట్టు. నువ్వే ఇరిసేవు."

మహతి దిగింది. ముక్కని దూదిలోంచి తీసి అంచుకి ఆనించింది, నిలవలేదు. మెడ పక్కన పెట్టింది. తుప్పు ముక్క మూతి పెంకు మీద సరిగ్గా ఉందో లేదో చూసింది. లేవబోయి ఆగింది. కుండ పక్కన, తను బూటు మొనతో నొక్కిన చోటికి కింద, గోడలో మిగిలిన సగం గోతి మట్టికి అరచెయ్యి ఆనించింది. రెండోసారి నొక్కింది. గుల్లగా ఉంది. పక్కనే ఎర్ర పొర రాయిలా ఉంది. కళ్లు మూసుకున్నా తెలిసేంత తేడా.

"తెలిసిందా?" అంది పైనుంచి మరిడమ్మ.

మహతి ఇంకోసారి నొక్కి చూసింది.

"సెయ్యి తియ్యి. మన్ను పోస్తన్నాను."

తీసేదాకా ఆగలేదు. మొదటి తట్ట మహతి మణికట్టు మీద పడింది.